వెనక బరువు

కొత్తగా చిన్న ట్రాక్టర్ కొనేవాళ్ళు, కొటేషన్ చూసి మొదట కొట్టేయించే వస్తువు ఏమిటంటే కళ్ళు మూసుకుని చెప్తాను. వెనక తగిలించే బరువు. ఇక్కడ బ్యాలస్ట్ బాక్స్ అంటారు. దానికి ఇంజను లేదు, చక్రం లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. ఒక ఇనప పెట్టె, అందులో ఇసకో కాంక్రీటో. "రాళ్ళు మోయడానికి కూడా డబ్బులివ్వాలా?" అనిపించడం సహజమే. కానీ ముందు లోడర్ ఉన్న ట్రాక్టర్‌కి వెనక బరువు అదనపు సామాను కాదు, లోడర్‌లో సగం. ఆ సగం లేకుండా లోడర్ అమ్మడం, కొనడం రెండూ తప్పే అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, కాస్త లెక్కలు కూడా వస్తాయి, ఓపిక పట్టండి.

విండ్సర్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేర్ వాడికి ట్రాక్టర్ గోల ఎందుకనే అనుమానం రావచ్చు. విండ్సర్ పేరుకే పట్నం. కార్ల ఫ్యాక్టరీలు, యూనివర్సిటీ, నదికి అవతల డెట్రాయిట్. కానీ పది పదిహేను నిమిషాలు కారులో వెళ్తే అంతా పొలాలే. మొక్కజొన్న, సోయా, గోధుమ, లెమింగ్టన్ వైపు కనుచూపు మేర గ్రీన్‌హౌసులు. ఈ ఎస్సెక్స్ కౌంటీ నేల ఒకప్పటి మంచు యుగపు సరస్సు అడుగు, అందుకే బల్లపరుపుగా ఉంటుంది. మట్టి బంకమట్టి. మాది తెనాలి వైపు. మొదటిసారి ఈ పొలాల మధ్య రోడ్డు మీద పోతుంటే మా కాలవగట్టు మీద పోతున్నట్టే ఉంది, కొబ్బరిచెట్లు తప్ప. నీళ్ళు పోవడానికి పల్లం లేదు కాబట్టి రోడ్ల పక్కన, పొలాల మధ్యన లోతైన డ్రెయిన్లు తవ్వారు. మా దగ్గరా డ్రెయినే అంటాం, ఇక్కడా డ్రెయినే అంటారు. ఈ డ్రెయిన్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికి రావాలి.

ఈ మధ్య మనవాళ్ళు కొందరు ఊళ్ళో ఇల్లు వదిలి, ఎస్సెక్స్, కింగ్స్‌విల్, హారో వైపు రెండెకరాలో మూడెకరాలో ఉన్న ఇళ్ళు కొంటున్నారు. గోంగూర, వంకాయ, బీర పందిరి, నాలుగు కోళ్ళు. చలికాలం పొడవాటి డ్రైవ్‌వే మీద మంచు తీయాలి, వేసవిలో కంకర పరవాలి, ఎరువు మోయాలి. ఇరవై పాతిక హార్స్‌పవర్ ట్రాక్టర్, దానికి ముందు లోడర్ కొంటారు. కొనేటప్పుడు అడిగే ప్రశ్నలు రెండే: ఎన్ని హార్స్‌పవర్? ఎంత లేపుతుంది? లేపినప్పుడు వెనక ఏమవుతుందని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

దీనికి కారణం మన ఊళ్ళలోనే ఉందనిపిస్తుంది. అక్కడ ట్రాక్టర్‌కి పని అంతా వెనకే. నాగలి వెనకే, రోటవేటర్ వెనకే, ట్రక్కు వెనకే. మన భయం ఎప్పుడూ ముందు చక్రాలు లేవడం గురించే. చెరకు లోడు లాగేటప్పుడు ముందు లేస్తుందని బంపర్ మీద ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కి నిలబడేవాళ్ళు (అదీ ప్రమాదమే, అది వేరే కథ). దమ్ము చేసేటప్పుడు కేజీ వీల్స్ బురదలో కూరుకుపోతే, చక్రాలకి దుంగ కట్టి బయటికి లాగబోతే, ట్రాక్టర్ మొత్తం లేచి వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడిన సంగతులు డెల్టాలో ప్రతి ఊరికీ తెలుసు. కాబట్టి మనవాడు స్టీరింగ్ ముందు కూర్చుంటే కళ్ళు ముందు చక్రాల మీదే ఉంటాయి. లోడర్ ఉన్న ట్రాక్టర్‌లో తేలిపోయేది వెనక చక్రాలు. అవి వీపు వెనక ఉంటాయి. తేలితే కనపడదు, చప్పుడూ రాదు.

ఇప్పుడు లెక్క. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ మెకానిక్స్ జీవితంలో పనికొచ్చిన సందర్భాలు తక్కువ, ఇది ఒకటి. సుమారు అంకెలతో ఒక చిన్న ట్రాక్టర్ అనుకుందాం. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య మీటరున్నర. లోడర్‌తో, డ్రైవర్‌తో కలిపి 900 కిలోలు, అందులో వెనక చక్రాల మీద 400. బకెట్‌లో 300 కిలోల కంకర వేశాం. ఆ బరువు ముందు ఇరుసుకి ఒక మీటరు అవతల వేలాడుతోంది. ముందు ఇరుసు ఇప్పుడు తక్కెడ ముల్లు. 300 ని ఒకటితో గుణించి ఒకటిన్నరతో భాగిస్తే 200. అంటే వెనక చక్రాల మీదనుంచి 200 కిలోలు మాయమైపోయాయి. అవి ఎక్కడికీ పోలేదు, ముందు ఇరుసు మీదికి వెళ్ళాయి. మోసేది 300 అయినా ముందు ఇరుసు మీద కొత్తగా పడేది 500. స్టీరింగ్ ఎందుకు బిగుసుకుపోతుందో, ముందు ఇరుసు సీళ్ళూ బేరింగులూ ఎందుకు త్వరగా పోతాయో వేరే చెప్పక్కర్లేదు.

వెనక ఇంకా 200 ఉంది కదా, చాలదా? సమతలం మీద, నెమ్మదిగా, బకెట్ నేలకి దగ్గరగా ఉంటే చాలుతుంది. కాస్త పల్లంలోకి దిగుతూ, బకెట్ ఎత్తి ఉండగా, బ్రేకు నొక్కితే ఆ 200 కూడా ముందుకి జారుకుంటుంది. ఇక్కడ ఇంకో తిరకాసు. చాలా చిన్న ట్రాక్టర్లలో బ్రేకులు వెనక ఇరుసుకే ఉంటాయి. వెనక చక్రాలు నేలని సరిగ్గా తాకకపోతే బ్రేకు ఎంత తొక్కినా ఒకటే. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంటే ఆ పట్టు ముందు చక్రాలకి కూడా అందుతుంది, అందుకే లోడర్ పని చేసేటప్పుడు దాన్ని తీయకూడదంటారు. కానీ ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఆపుతుందే కానీ, పడిపోకుండా పట్టుకోదు. ఈ తేడా తెలియక మనవాళ్ళలో చాలామంది ధైర్యంగా ఉన్నారు.

అసలు ప్రమాదం ముందుకు తిరగబడటం కూడా కాదు. ముందుకు ఒరిగితే బకెట్ నేలకి తగిలి ఆగుతుంది, ప్యాంటు తడుస్తుంది, అంతే. పక్కకి పడటం ఉంది చూశారా, అది మనుషుల్ని చంపుతుంది.

ట్రాక్టర్‌కి నాలుగు చక్రాలు ఉంటాయి కానీ అది నిలబడేది మూడు కాళ్ళ మీద. ముందు ఇరుసు మధ్యలో ఒకే ఒక్క పిన్ను మీద ఊగుతూ ఉంటుంది, గట్లు గుంటలు ఎక్కినా నాలుగు చక్రాలూ నేలని తాకాలని. కాబట్టి బండికి ఆధారం చతురస్రం కాదు, త్రికోణం. వెనక చక్రాలు రెండు మూలలు, ముందు ఇరుసు మధ్య పిన్ను మూడో మూల. బరువు కేంద్రం వెనక ఉన్నంతసేపూ త్రికోణంలో వెడల్పైన చోట ఉంటుంది. బకెట్ నిండేకొద్దీ అది ముందుకి, అంటే కొసవైపు, ఇరుకువైపు జరుగుతుంది. వెనక చక్రాల మధ్య దూరం ఒక మీటరు అనుకుని మన ట్రాక్టర్‌కే లెక్క కడితే, ఖాళీ బకెట్‌తో ఉన్నప్పుడు బరువు కేంద్రం నుంచి త్రికోణం అంచుకి 22 సెంటీమీటర్లు. 300 కిలోలు ఎత్తాక 8 సెంటీమీటర్లు. ఎనిమిదంటే ఎనిమిది. అరచేయంత జాగా. ఆ పైన బకెట్ పైకెత్తితే బరువు కేంద్రం కూడా పైకి పోతుంది. అప్పుడు ఒక పక్క చక్రం చిన్న గుంటలో దిగినా చాలు. ముందు ఇరుసు ఊగడానికి ఒక హద్దు ఉంటుంది, అక్కడికి వెళ్ళి తట్టుకుని ఆగుతుంది నిజమే, కానీ అప్పటికి అంత బరువు ఊపందుకుని ఉంటుంది.

ఎస్సెక్స్ కౌంటీలో కొండలు లేవు కదా, పక్కవాలు ఎక్కడిది అంటారా? డ్రెయిన్లున్నాయి. ఇంటి ముందు డ్రెయిను, పొలం పక్కన డ్రెయిను. చల్లటి బంకమట్టి, ఏప్రిల్‌లో వెన్నలా ఉంటుంది. గట్టు అంచు గట్టిగా కనపడుతుంది, చక్రం పడగానే కుంగుతుంది.

మా మిత్రుడొకడు ఆ వైపే ఇల్లు కొన్నాడు. కిందటేడు డ్రైవ్‌వేకి కంకర పోస్తుంటే సాయానికి వెళ్ళాను. బకెట్ నిండా కంకర, వెనక ఏమీ లేదు. డ్రెయిను పక్కన మలుపు తిప్పుతుంటే లోపలి వైపు వెనక చక్రం నేల వదిలింది. జానెడు ఎత్తు ఉంటుందేమో. పక్కనుంచి చూస్తున్న నాకు చక్రం కింద వెలుతురు కనపడింది. సీట్లో ఉన్న అతనికి ఏమీ తెలియదు, పాట వింటున్నాడు. అరిచాను. బకెట్ దించాడు, చక్రం దిగింది. తర్వాత చెప్తే, "ఫోర్ వీల్ డ్రైవ్ బావా, ఏం కాదులే" అన్నాడు. అమ్మినతను వెనక బరువు గురించి ఏమైనా చెప్పాడా అని అడిగితే, "చెప్పాడు, కావాలంటే తర్వాత తీసుకోవచ్చన్నాడు" అన్నాడు.

నా కోపమంతా ఆ "కావాలంటే" అనే మాట మీద. లోడర్‌తో వచ్చే పుస్తకం తెరిచి చూడండి, ఏ కంపెనీదైనా సరే, వెనక తగిన బరువు లేకుండా లోడర్ వాడొద్దని రాసి ఉంటుంది. పుస్తకంలో తప్పనిసరి, కొటేషన్‌లో ఐచ్ఛికం. బ్రేకులు కావాలంటే తర్వాత పెట్టించుకోవచ్చు అని ఎవరైనా కారు అమ్ముతారా? దీని ధర మొత్తం ట్రాక్టర్ ధరలో చాలా చిన్న ముక్క. లోడర్ ధరలోనే కలిపేసి అమ్మితే కొనేవాడు గొణుక్కుంటాడు, కానీ కొంటాడు. విడిగా పెడితే ప్రతివాడూ దాన్నే కొట్టేస్తాడు. కొట్టేసేవాడు పిసినారి అని కాదు. కనపడని పనికి డబ్బు పెట్టడం ఎవరికైనా కష్టమే.

పోనీ మనకి ఇది తెలియని విద్యా అంటే, కాదు. ఎడ్లబండికి బస్తాలు ఎత్తిన ఏ పాలేరుకైనా తెలుసు. బరువు వెనక్కి పడితే కాడి లేచి ఎద్దుల మెడ కింద పలుపులు ఉరిలా బిగుస్తాయి. ముందుకి పడితే ఎద్దుల మెడలు విరుగుతాయి. ఇరుసుకి అటూ ఇటూ సరిపడా సర్ది, కాడి ఎత్తి చూసి, ఒక బస్తా వెనక్కో ముందుకో జరిపి కానీ బండి కట్టేవాళ్ళు కాదు. ఏతాం తొక్కే మనిషి దూలం మీద అటూ ఇటూ నడిచేది కూడా ఈ లెక్కతోనే. కిరాణా కొట్లో ఖాళీ డబ్బాకి ధడా కట్టకుండా నూనె తూస్తే ఊరుకునేవాళ్ళమా? ఎద్దు అయితే ఇబ్బంది పడుతున్నట్టు చెప్తుంది, తల విదిలిస్తుంది, ఆగిపోతుంది. హైడ్రాలిక్ లీవరు చెప్పదు. రెండు వేళ్ళతో లాగితే మూడొందల కిలోలు లేస్తాయి, చేతికి బరువు తెలియదు. ఒళ్ళు నేర్పిన లెక్క అక్కడ పనిచేయడం మానేస్తుంది.

ఇంకో విషయం. ఈ బరువు తగిలించే త్రీ పాయింట్ లింకేజీ పుట్టుక వెనక ఇలాంటి చావుల్ని ఆపడం కూడా ఒక ఉద్దేశం. 1917లో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ చవక, గట్టిది, కానీ నాగలి రాయికి తగిలితే ముందు లేచి వెనక్కి పల్టీ కొట్టడంలో అపఖ్యాతి తెచ్చుకుంది. ఐర్లండ్ మనిషి హ్యారీ ఫెర్గుసన్ నాగలిని ట్రాక్టర్‌కి మూడు చోట్ల బిగించి, ఆ లాగుడు బలం ముందు చక్రాలని నేలకి నొక్కేలా కొలతలు కట్టాడు. 1939లో ఆ లింకేజీతో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ డియర్‌బోర్న్ నుంచి బయటికి వచ్చింది. డియర్‌బోర్న్ అంటే మాకు నది దాటితే అరగంట. తర్వాత ఫోర్డ్‌కీ ఫెర్గుసన్‌కీ చెడింది, కోర్టుకెక్కారు. ఫెర్గుసన్ 1953లో కెనడా కంపెనీ మాస్సీ హ్యారిస్‌తో కలిశాడు. మన ఊళ్ళలో ఎర్ర మాస్సీ అని పిలుచుకునే ట్రాక్టర్ ఆ కలయిక సంతానమే. ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి ట్రాక్టర్ వెనకా ఆ మూడు పిన్నులు ఉంటాయి. వాటిని ఖాళీగా వదిలేసి ముందు మూడొందల కిలోలు ఎత్తడం ఫెర్గుసన్ కష్టాన్ని అవమానించడమే.

ఇది విదేశాల గోల మాత్రమే అనుకోకండి. ముందు లోడర్ తగిలించుకునే చిన్న ట్రాక్టర్లు ఇప్పుడు తెలంగాణలోనే తయారవుతున్నాయి. 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో ఆవిష్కరించిన మహీంద్రా ఓజా ట్రాక్టర్లని జహీరాబాద్ ఫ్యాక్టరీలో చేస్తున్నారు, అమెరికా మార్కెట్ కోసం కూడా. రేపు మన పల్లెల్లో కూలీలు దొరక్క ఎరువు, మట్టి ఎత్తడానికి లోడర్లు పెరిగితే, ముందు చక్రాల మీద కళ్ళు పెట్టుకుని కూర్చునే మన డ్రైవర్లకి ఈ త్రికోణం సంగతి ఎవరు చెప్తారు? తెలుగులో ఒక్క పేజీ బొమ్మ వేసి ఇస్తే చాలు.

సరే, బరువు పెట్టాలి. ఎక్కడ పెట్టాలి అన్నది రెండో వాదన. టైర్లలో నీళ్ళు నింపుకుంటే చాలదా అంటారు. మన దగ్గర అది మామూలే. విండ్సర్ చలిలో నీళ్ళు గడ్డకడతాయి కాబట్టి ఇక్కడ కాల్షియం క్లోరైడ్ ద్రావణమో (రిమ్ముల్ని తినేస్తుంది), షుగర్ బీట్ రసం లాంటి గడ్డకట్టని ద్రవమో నింపుతారు. మంచిదే, బరువు కింద ఉంటుంది, పక్కవాలు మీద సాయపడుతుంది. కానీ టైరులో 250 కిలోలు పోస్తే వెనక చక్రాల మీద పెరిగేది సరిగ్గా ఆ 250, ముందు ఇరుసు భారం ఒక్క కిలో తగ్గదు. అదే 250 కిలోలు వెనక ఇరుసుకి ముప్పావు మీటరు అవతల లింకేజీకి వేలాడితే, వెనక చక్రాల మీద 375 పెరుగుతుంది, ముందు ఇరుసు మీద 125 తగ్గుతుంది. వేలాడే బరువు పార కింద రాయి పెట్టి ఎత్తినట్టు పనిచేస్తుంది. పైన చెప్పిన 8 సెంటీమీటర్లు 20 అవుతాయి, అంటే ఖాళీ బకెట్ రోజుల దగ్గరికి దాదాపు తిరిగి వస్తాం.

అందుకే ఈ ఊరికి వేలాడే బరువే మేలంటాను. ఇంకో కారణం మా బంకమట్టి. ఏప్రిల్, మే నెలల్లో తడి నేల మీద బరువైన బండి తిప్పితే మట్టి అణిగిపోయి ఆ ఏడాది అక్కడ ఏ మొక్కా సరిగా రాదు, లాన్ మీద గాళ్ళు పడతాయి. వెనక బరువు వద్దనేవాళ్ళు చెప్పే కారణాల్లో నేను గౌరవించేది ఇదొక్కటే. పెట్టె అయితే గడ్డి కోసేరోజు మూడు పిన్నులు పీకి షెడ్డులో పెట్టేయొచ్చు. టైరులో పోసింది పోసిందే. రోటవేటరో బాక్స్ బ్లేడో ఉన్నవాళ్ళు దాన్నే తగిలించుకోవచ్చు, బరువు సరిపోతుందో లేదో పుస్తకంలో చూసుకుని. గడ్డి నరికే పొడవాటి యంత్రం మాత్రం మలుపుల్లో కంచెకీ కారుకీ తగులుతుంది.

ఎక్కువ పెడితే మంచిదనీ కాదు. బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక మరీ బరువైతే ముందు తేలిపోయి స్టీరింగ్ పనిచేయదు, మళ్ళీ మన పాత శత్రువు దగ్గరికే వస్తాం. లింకేజీ ఎంత ఎత్తగలదో, వెనక ఇరుసు ఎంత మోయగలదో కంపెనీ రాసి ఉంటుంది. ఆ అంకెలోపే ఉండాలి. బరువు ఉంది కదా అని బకెట్ నెత్తి మీదికెత్తి పరుగులు తీయకూడదు. బకెట్ మోకాలి కింద ఉంచాలి, పల్లం దిగేటప్పుడు బరువైన వైపు ఎత్తులో ఉండాలి, అంటే నిండు బకెట్‌తో వెనక్కి దిగాలి. సీటు వెనక ఉండే ఇనప కమాను నిలబెట్టి ఉంచాలి, బెల్టు కట్టుకోవాలి. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకి రక్షణ చట్రం తప్పనిసరి చేసింది, తర్వాత అక్కడ తిరగబడి చనిపోయేవాళ్ళు బాగా తగ్గారు. అమెరికాలో ఇరవై హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లన్నిటికీ కంపెనీలే 1985 నుంచి పెడుతున్నాయి. మన ఊళ్ళో నీడ కోసం వేసే టాపు దీనికి సాటి రాదు. గరాజ్ తలుపు కింద పట్టడం లేదని ఆ కమాను మడిచి, విప్పడం మర్చిపోయేవాళ్ళు ఇక్కడా ఉన్నారు.

కొనడం ఇష్టం లేకపోతే చేసుకోండి. మామూలు రెండొందల లీటర్ల ఇనప డ్రమ్మును అడ్డంగా సగానికి కోస్తే, ఆ సగంలో పట్టే కాంక్రీటు దాదాపు 250 కిలోలు. సరిగ్గా మన లెక్కకి సరిపోయేంత. పోసేముందు కింద లింకు చేతుల కోసం అడ్డంగా ఒక దిట్టమైన ఇనప కడ్డీ ఇటునుంచి అటు దూర్చాలి, టాప్ లింక్ కోసం పైకి ఒక నిలువు పట్టీ వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్ మాత్రం తెలిసినవాడితోనే. కడ్డీ పొడవు, లావు మీ ట్రాక్టర్ లింకేజీ చూసి కొలుచుకోండి, చిన్నవాటికి పెద్దవాటికి కొలత తేడా ఉంటుంది. కాంక్రీటు పూర్తి బలానికి రావడానికి 28 రోజులంటారు, కాబట్టి మొదటి మంచుకి సిద్ధంగా ఉండాలంటే సెప్టెంబర్‌లోనే పోసేయండి. నవంబర్ చలిలో పోస్తే అది గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది, పచ్చిగా ఉండగానే గడ్డకడితే బలం పోతుంది.